నగర బావిలో బయల్పడిన బాణాలు

వస్తువు దొరకడం ఒక ఎత్తు. అది ఏమిటో గుర్తించడం మరొక ఎత్తు. పురావస్తు పరిశోధనలో మొదటిదానికి అదృష్టం తోడ్పడవచ్చును గాని, రెండవదానికి ఓర్పు, విషయపరిజ్ఞానం తప్పనిసరి. కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా, హొసనగర తాలూకా, నగర గ్రామంలో బయల్పడిన ఇనుప గొట్టాల కథ ఈ సత్యానికి చక్కని నిదర్శనం.

నగర గ్రామానికి పూర్వనామం బిదనూరు. అది కెళది నాయకుల రాజధాని. 1763లో హైదర్ అలీ దానిని జయించి హైదర్‌నగరమని పేరు పెట్టాడు. నాటి నుండి కోట, టంకశాలలతో ఆ పట్టణం మైసూరు రాజ్యంలో ముఖ్యమైన సైనిక స్థావరాలలో ఒకటిగా వర్ధిల్లింది.

2002వ సంవత్సరంలో ఆ గ్రామంలోని ఒక ఎండిపోయిన బావిలో పూడిక తీస్తుండగా, తుప్పు పట్టిన ఇనుప వస్తువులు నూరుకు పైగా బయటపడ్డాయి. అవి పాతకాలపు ఫిరంగి గుండ్లని భావించి, శివమొగ్గలోని శివప్ప నాయక ప్రదర్శనశాలలో భద్రపరచారు. సుమారు ఐదు సంవత్సరాలు అవి ఆ పేరుతోనే అక్కడ ఉండిపోయాయి. 2007లో పరిశీలన జరిపిన పిమ్మట గాని, అవి గుండ్లు కావనీ, టిప్పు సుల్తాను కాలపు రాకెట్లనీ తేలలేదు.

ఈ పొరపాటు సహజమైనదే. ఆ కాలపు పేలుడు గుండు లోపల బోలుగా ఉండే ఇనుప గోళం. దానిలో తుపాకిమందు కూరి, రంధ్రంలో వత్తి అమర్చి, ఫిరంగితో ప్రయోగించేవారు. దానికి వేగాన్నిచ్చేది ఫిరంగియే. రాకెట్టు తీరు వేరు. అది తన శక్తిని తానే మోసుకొనిపోతుంది. ఒక కొన మూసిన ఇనుప గొట్టంలో సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన మందును గట్టిగా దట్టించి, రెండవ కొనలో చిన్న రంధ్రం విడిచిపెట్టేవారు. మందు మండినప్పుడు పుట్టిన వాయువు ఆ రంధ్రం గుండా వెనుకకు చిమ్మగా, గొట్టం ముందుకు దూసుకొనిపోతుంది. దారి తప్పకుండా ఉండుటకు దానిని పొడవైన వెదురుకర్రకు తోలుపట్టీలతో బిగించేవారు. వెదురు, తోలు కాలక్రమాన మట్టిలో కలిసిపోతాయి. మిగిలేది తుప్పు పట్టిన గొట్టం ఒక్కటే. దానిని మాత్రమే చూచినవారికి అది గుండుగా తోచడంలో వింత లేదు.

ఆ ఇనుప గొట్టంలోనే మైసూరు వారి ప్రతిభ ఇమిడి ఉన్నది. అంతకు పూర్వం వాడుకలో ఉన్న వెదురు, కాగితపు గొట్టాల కంటె ఇనుము ఎక్కువ ఒత్తిడికి తట్టుకొనగలదు. అందువలన మందును మరింత బిగువుగా దట్టించుటకు, రాకెట్టును మరింత దూరం పంపుటకు వీలు కలిగింది.

1780 సెప్టెంబరు 10న కాంచీపురం సమీపంలోని పొల్లిలూరు వద్ద ఆంగ్లేయులు ఈ ఆయుధం ధాటిని చవిచూచారు. గుంటూరు నుండి సేనతో తరలివచ్చిన కర్నల్ బెయిలీ అక్కడ ఘోరంగా ఓడి బందీ అయినాడు. ఆంగ్లేయుల మందుగుండు బండ్లు పేలిపోవడం ఆ ఓటమికి ఒక ముఖ్యకారణం. అవి రాకెట్లు తగిలియే పేలినవని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. 1799 మే 4న శ్రీరంగపట్నం పతనమై టిప్పు మరణించాడు. విజేతలు కొన్ని రాకెట్లను ఇంగ్లాండుకు తరలించారు. వాటి స్ఫూర్తితో విలియం కాంగ్రీవ్ రూపొందించిన రాకెట్లను ఆంగ్లేయులు 1807లో కోపెన్‌హాగెన్ నగరంపై ప్రయోగించారు.

దక్షిణదేశంలో పుట్టిన విద్య ఈ విధంగా సముద్రాలు దాటింది. స్వదేశంలో మాత్రం దాని ఆనవాళ్లు బావి అడుగున బురదలో మరుగునపడ్డాయి. భారతదేశంలో రాకెట్టుకు పూర్వం 'బాణ' మనియే పేరు. తెలుగువారు దీపావళినాడు కాల్చే 'బాణసంచా'లో ఆ మాట నేటికీ నిలిచియున్నది. వస్తువును మరచిపోయినా, భాష దాని పేరును భద్రంగా దాచింది!

2018 జూలైలో పురావస్తు శాఖవారు నగర గ్రామంలో ఒక ఎండిన బావిని తిరిగి త్రవ్వించారు. ఆ మట్టి తుపాకిమందు వాసన వేసిందట. మూడు దినాల శ్రమతో వేయికి పైగా రాకెట్లు వెలికివచ్చాయి. ఒక్కొక్కటి ఇంచుమించు జానెడు పొడవు. 2007లో సరియైన గుర్తింపు జరిగి ఉండకపోతే, ఈ రాశి కూడా పాత గుండ్ల కుప్పగానే మిగిలిపోయేదేమో! పాత ఇనుము క్రింద తూకానికి అమ్ముడుపోయినా ఆశ్చర్యం లేదు.

ఇటువంటి వస్తువులు కంటబడినప్పుడు పాటించవలసిన నియమాలు రెండు. మొదటిది, వాటిని తాకరాదు, కదల్చరాదు. పాతవైనా లోపలి మందు ప్రమాదకరం కావచ్చును. వెంటనే పోలీసులకు, పురావస్తు శాఖకు తెలియజేయాలి. రెండవది, అవి ఎక్కడ, ఎప్పుడు, ఏ స్థితిలో కనబడినవో వ్రాసి ఉంచాలి. దొరికిన చోటు తెలియని వస్తువు చిరునామా లేని ఉత్తరం వంటిది.

శివమొగ్గలో ఆ గొట్టాలకు తప్పుపేరు పడిందన్నది వాస్తవమే. కాని అవి పారవేయబడలేదు, భద్రపరచబడ్డాయి. అందువల్లనే ఐదేండ్ల తరువాత మరల పరిశీలించి, తప్పును దిద్దుకొనుటకు వీలైనది. భద్రపరచుట, ప్రశ్నించుట, తప్పని తేలినప్పుడు సంకోచించక సరిదిద్దుకొనుట — చరిత్ర అధ్యయనానికి ఈ మూడే మూలస్తంభాలు. డెబ్బది ఐదు వసంతాలు నిండిన విద్యాలయం తన విద్యార్థులకు అందించదగిన విద్య కూడ ఇదియే.