పావడా కత్తిరింపులో వృత్తగణితము



దర్జీ పావడాగుడ్డను మడతపెట్టి సుద్దతో వంపుగీత గీయుట మీరెల్లరును చూచియుందురు. ఆ గీత వెనుక వేయేండ్లకు పైబడిన శాస్త్రచరిత్ర కలదు.

వృత్తమునకు వ్యాసము తెలిసినచో చుట్టుకొలత యెంత యను ప్రశ్నకు మన పూర్వులు పెక్కు సమాధానములు చెప్పిరి. క్రీ. శ. 499 ప్రాంతమున ఆర్యభటుడు 20000 వ్యాసమునకు 62832 పరిధి యనియు, అదియు ఆసన్నమే యనియు నుడివెను. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు స్థూలగణితమునకు వ్యాసమును మూడింతలు చేసిన చాలు ననెను. పావులూరి మల్లన తెనిగించినది ఆతని గ్రంథమునే. 1150లో భాస్కరాచార్యుడు లీలావతియందు వ్యవహారమునకు 7 వ్యాసమైన 22 పరిధి యను లెక్కను విధించెను.

ఈ లెక్క దర్జీచేతిలో ఫలించును. నడుము చుట్టుకొలత 22 అంగుళములైన బాలికకు వ్యాసము 7, అందు సగము 3½. పావడా నిడివి 24½ అంగుళములు కావలెనన్న, 56 అంగుళముల చదరపుగుడ్డను నాలుగు మడతలు చేసి, గుడ్డ నడిమి భాగము వచ్చిన మూలయందు దారపుకొనను అదిమిపట్టి, 3½ అంగుళముల యొద్ద నొకటియు, 28 అంగుళముల యొద్ద నొకటియు వంపుగీతలు గీయవలెను. విప్పినప్పుడు క్రిందియంచు 176 అంగుళములగును. అనగా నడుమునకు ఎనిమిది రెట్లు. మడుపులకు విడువవలసిన గుడ్డ వేఱు. మూడింతల లెక్కనే పట్టినచో నడుము ఇంచుమించు ఒక అంగుళము వదులగును.

అయినను ఇందొక కొఱత కలదు. చదరమునుండి వృత్తమును తీసినప్పుడు నాలుగు మూలలందును కలిపి గుడ్డలో 14 పాళ్లకు 3 పాళ్లు మిగిలిపోవును. కావుననే రాజస్థానపు ఘాగరాలను కలీలతో కుట్టుదురు. కలీయనగా ఒకకొన సన్నముగను, ఒకకొన వెడల్పుగను ఉండు ముక్క. ఒకదాని సన్నకొన ప్రక్కను మఱియొకదాని వెడల్పుకొన వచ్చునట్లు అమర్చి కత్తిరించిన నష్టము స్వల్పము. మన పరికిణీలకైతే నిలువుగుడ్డకే కుచ్చిళ్లు పోయుదురు. గుడ్డయు వ్యర్థము కాదు, నేతగాడు నేసిన అంచును తెగదు.

చిరకాలము మగపిల్లలు సూత్రమును వల్లించిరి, గుడ్డ నెఱుగరు. ఆడుపిల్లలు గుడ్డను కత్తిరించిరి. సూత్రము వారి చెవిని పడలేదు. అందుచే రెండు విద్యలును కుంటువడినవి. పెద్దలగు మీరు మనుమరాండ్రకు ఈ లెక్కను చెప్పింపుడు. మనుమలచేతికి కత్తెర నీయుడు. మొదట పాతగుడ్డమీద గీయింపుడు.