మెదక్ చర్చి: పేర్లున్నవాళ్ళూ, లేనివాళ్ళూ

హైదరాబాదులో ఉద్యోగాలు చేసే మనవాళ్ళకి మెదక్ అంటే ఓ ఆదివారం డ్రైవు. ఓ వంద కిలోమీటర్లు, ఏడుపాయల దుర్గమ్మ దర్శనం, చర్చి ముందు నాలుగు ఫోటోలు, సాయంత్రానికి మళ్ళీ ఇంటికి. అయితే ఆ చర్చి మాట వస్తే చాలు, ఆఫీసు కాంటీన్లలో రెండు వాదనలు మొదలవుతాయి. "తిండి ఆశ చూపి మతం మార్చారు" అని ఒకరు. "దొర దేవుడిలా వచ్చి ఆకలి తీర్చాడు" అని ఇంకొకరు. ఈ రెండిట్లోనూ పనిచేసినవాడు కనబడడు. నా గొడవంతా అక్కడే.

ముందు విషయంలోకి వద్దాం. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో 1914లో పని మొదలైంది. ప్లాను హార్డింగ్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టుది. అవి మొదటి ప్రపంచ యుద్ధం రోజులు, పైగా కరువు. పాస్నెట్ జనానికి ఊరికే గంజి పోయకుండా పని చూపించి, కూలిగా తిండి ఇచ్చాడు. పదేళ్ళు పట్టింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది.

కొలతలు చూడండి. వెడల్పు 100 అడుగులు, పొడవు 200, గంట గోపురం ఎత్తు 175. లోపల ఐదువేల మంది పడతారంటారు. లెక్కేస్తే మనిషికి నాలుగు చదరపు అడుగులు. గోడలూ, స్తంభాలూ తీసేస్తే ఇంకా తక్కువే. అంటే క్రిస్మస్‌కి మోకాళ్ళు మోకాళ్ళు రాసుకుంటూ కూర్చోవాల్సిందే.

కట్టిన పద్ధతి గోథిక్. పైన కోసుగా ఉండే ఆర్చీలే దీని ప్రాణం. గుండ్రటి ఆర్చి పైబరువుని పక్కలకి ఎక్కువ తోస్తుంది. కోసు ఆర్చి అందులో ఎక్కువ భాగాన్ని కిందకి దించుతుంది. అందుకే గోడలు ఎత్తుగా లేపి, వాటిలో పెద్ద పెద్ద కిటికీలు పెట్టుకోగలిగారు.

ఆ కిటికీల కథ మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా అర్థమవుతుంది. మూడు రంగుటద్దాల కిటికీలూ లండన్‌లోని ఫ్రాంక్ సాలిస్‌బరీ పనే, కానీ ఒక్కసారి రాలేదు. 1927లో క్రీస్తు ఆరోహణం, 1947లో జననం, 1958లో సిలువ. మొదటి రిలీజుకీ చివరిదానికీ 31 ఏళ్ళు! మొదటి రెండూ నిజాం రాజ్యంలో వచ్చాయి, మూడోది ఆంధ్రప్రదేశ్‌లో. రెండో కిటికీ వచ్చిన ఏడాదే చర్చి సంస్థ కూడా మారింది. 1947 సెప్టెంబరు 27న మెథడిస్టులు, ఆంగ్లికన్లు తదితరులు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడింది. మెదక్ అందులో ఒక డయోసిస్‌కి కేంద్రమైంది.

"మన నేల మీద ఈ ఇంగ్లండు గోపురమేమిటి?" అని అడిగేవాళ్ళూ ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కావాలంటే డోర్నకల్ వెళ్ళి చూడండి. మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు వి.ఎస్. అజరయ్య అక్కడ కట్టించిన చర్చి 1939లో ప్రతిష్ఠ అయింది. మసీదు గుమ్మటాలూ, గుడి స్తంభాలూ కలిసి ఉంటాయి. రెండిటి మధ్య పదిహేనేళ్ళే తేడా. ఆలోచన తేడా మాత్రం చాలా పెద్దది.

ఇక మొదటి గొడవకొస్తాను. కరువులో పనికి బదులు తిండి ఇవ్వడం మతాల కనిపెట్టుబడేం కాదు. లక్నోలో అసఫుద్దౌలా 1784 కరువులో బడా ఇమాంబాడా కట్టించిందీ ఇలాగే. మిషనరీ మతం చెప్పడానికే వచ్చాడు, ఆ మాట దాచాల్సిన పనిలేదు. కానీ రాయి మోసినవాడు తిన్నది బిచ్చమూ కాదు, లంచమూ కాదు. అది కూలి. తన రెక్కల కష్టం. "తిండికి అమ్ముడుపోయారు" అన్నా, "దయతో బతికించారు" అన్నా మనం లాక్కునేది ఆ కూలివాడి మర్యాదనే.

2024 డిసెంబరు 25కి ఈ చర్చికి నూరేళ్ళు నిండాయి. పాస్నెట్ పేరు తెలుసు, హార్డింగ్ పేరు తెలుసు, అద్దాల మీద బొమ్మలేసిన సాలిస్‌బరీ పేరూ తెలుసు. 175 అడుగుల పైకి రాయి చేరవేసిన వాళ్ళ పేర్లు మాత్రం ఎవరి నోటా రావు. ఈసారి వెళ్తే గోపురాన్ని ఫోటో తీసుకోండి, తప్పులేదు. కాస్త దగ్గరికెళ్ళి రాతి అతుకుల్ని కూడా చూడండి. వాళ్ళు పెట్టిపోయిన సంతకాలు అవే.