కేస్ రిపోర్ట్‌ను ఎవరైనా ఫ్రీగా చదవొచ్చు.. మరి పేషెంట్ గుట్టు సంగతేంటి?

పత్తి, మిర్చి చేలకు మందు కొట్టే సీజన్ వస్తే గుంటూరు జీజీహెచ్, ఒంగోలు రిమ్స్ లాంటి పెద్దాసుపత్రులకు పురుగుమందు కేసులు వస్తుంటాయి. ఇలాంటి వాటిలో అరుదుగా కనిపించిన లక్షణాలను, ఇచ్చిన చికిత్సను డాక్టర్లు రాసి మెడికల్ జర్నల్‌కు పంపిస్తే అదే కేస్ రిపోర్ట్. ఏమేం రాయాలో చెప్పే 'కేర్' గైడ్‌లైన్స్ 2013లో వచ్చాయి.

ఒకరిద్దరు పేషెంట్ల గురించి రాస్తే ఏం ఉపయోగం అనుకోవద్దు. ఆర్గానోఫాస్ఫేట్ విషం నుంచి తేరుకున్నట్టే కనిపించిన మనిషికి ఒకటి నుంచి నాలుగు రోజుల్లోపు మెడ కండరాలు, ఊపిరి తీసుకునే కండరాలు బలహీనపడొచ్చని 1987లో శ్రీలంక డాక్టర్లు రాశారు. వాళ్లు చూపించింది కేవలం 10 మందిని! ఇలాంటివి ఓపెన్ యాక్సెస్‌లో ఉంటే పీహెచ్‌సీ డాక్టర్ కూడా పైసా కట్టకుండా ఫోన్‌లో చదువుకోవచ్చు.

అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. డాక్టర్ చదివేది ఊళ్లోవాళ్లూ చదవొచ్చు. పేరు తీసేసినా మండలం, వయసు, అడ్మిట్ అయిన తేదీ ఉంటే చాలు.. ఎవరో ఇట్టే చెప్పేస్తారు. అది మందు తాగిన కేసైతే ఇంటి గుట్టు వీధిన పడ్డట్టే. ఫొటోలో కళ్లకు నల్లపట్టీ వేస్తే సరిపోదని మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ (ఐసీఎంజేఈ) స్పష్టంగా చెబుతోంది. ట్రీట్‌మెంట్‌కు పెట్టిన సంతకం పబ్లిష్ చేయడానికి పనికిరాదు. దానికి విడిగా రాతపూర్వక అనుమతి కావాలి. పేషెంట్‌కు తెలుగే వస్తే ఇంగ్లిష్ ఫారం మీద వేలిముద్ర వేయించుకోవడం అనుమతి ఎలా అవుతుంది?

ఇక ఫీజు. ఓపెన్ యాక్సెస్‌లో చాలాచోట్ల చదివేవాళ్లు కాదు, రాసేవాళ్లు డబ్బు కడతారు. మోసాలకు దారి ఇదే. హైదరాబాద్‌కు చెందిన ఒమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పీర్ రివ్యూ గురించి అబద్ధాలు చెప్పారని, ఫీజు సంగతి ముందుగా చెప్పలేదని ఆరోపణ. 2019లో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని ఆదేశించింది. అందుకే పంపేముందే ఆ జర్నల్ పబ్‌మెడ్ సెంట్రల్‌లోనో, డీఓఏజేలోనో ఉందో లేదో చూసుకోవాలి. ఫీజు ఎంతో వెబ్‌సైట్‌లో రాయని జర్నల్ జోలికి పోకపోవడమే మంచిది.

అన్నట్టు, ప్రమోషన్ కోసమే తొందరపడేవాళ్లకు ఓ విషయం.. మెడికల్ కాలేజీ టీచర్ల కోసం ఎంసీఐ 2020లో చేసిన సవరణలో కేస్ సిరీస్‌కు చోటు దక్కింది కానీ, ఒక్క పేషెంట్ కేస్ రిపోర్ట్‌కు దక్కలేదు.