లేఖకు వచ్చిన తొడుగు

డూప్లే దొరకు దుబాషీగా నుండి, తెలుగున ‘ఆనందరంగరాట్ఛందము’నకు కృతిభర్తయైన పుదుచ్చేరి ఆనందరంగ పిళ్ళె (1709–1761) కాలమున లేఖలకు నేటి కవరు లేదు. దర్బారుల పారసీ లేఖలకు పట్టు సంచి, దానికి లక్క ముద్ర గల ఖరీతా మర్యాద యుండెడిది. ఐరోపా వారు వ్రాసిన కాగితమునే మడచి, పైమడతపై చిరునామా వ్రాసి, ముద్ర వేసెడివారు. ఇంగ్లండులో కాగితముల లెక్కను బట్టి రుసుము; చుట్టిన కాగితమునకును అది తప్పదు. మరి తొడుగెవరు వేయుదురు? 1840లో రోలండ్ హిల్ సంస్కరణముచే రుసుము తూకమును బట్టి యేర్పడినది. 1845లో ఎడ్విన్ హిల్, వారెన్ డి లా ర్యూలు కవరు మడచు యంత్రమునకు పేటెంటు పొందిరి.

1892లో ఫ్రెంచి ఇండియాకు ప్రత్యేకముగా తపాలా బిళ్ళలు వెలువడినవి. తెలుగు యానామునను అవే చెల్లినవి. 1954 నవంబరు 1న పుదుచ్చేరి పాలన భారత ప్రభుత్వమునకు సంక్రమించుటతో వాని కాలము ముగిసినది. నాటి కవరులను బిళ్ళల సేకర్తలు పదిలపరచిరి; లోపలి ఉత్తరము తరచు కానరాదు. సాహితీపరుల తీరు దీనికి విపరీతము. ఉత్తరము దాతురు, కవరు పారవేయుదురు. మడత లేఖలో మాట, చిరునామా, ముద్ర ఒకే కాగితముపై నిలిచెడివి. కవరు వచ్చి వానిని విడదీసినది. తేదీ వేయని కవి ఉత్తరమునకు కాలము చెప్పవలసిన తపాలా ముద్ర మన యిండ్లలో చెత్తబుట్ట పాలైనది.