“మాకు తెలుగు రాదు” అని తెలుగులోనే చెప్పేవాళ్ళం

కోవిల్‌పట్టి, శాత్తూరు వైపు మనోళ్ళ ఇండ్లకు పోయి “మీరు తెలుగువాళ్ళే గదా?” అని అడగండి. “అవును, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అయితే మాకు తెలుగు రాదు” అంటారు. ఆ మాట కూడా తెలుగులోనే. నేనూ ఆ పక్కవాణ్ణే, చిన్నప్పట్నుంచీ ఈ జవాబు వింటానే ఉన్నా. నాలుగైదు వందల ఏండ్లు నోట్లో నిలిచిన భాషను ‘రాదు’ అనుకునేట్టు చేసింది ఏ రాజాజ్ఞా కాదు. చుట్టూ ఉన్నవాళ్ళ చూపు, నవ్వు.

ఆ చూపు ఎప్పుడూ ఒకే పక్కకు లేదు. నాయకరాజుల కాలంలో తంజావూరు కొలువులో తెలుగు వస్తేనే మర్యాద. రఘునాథ నాయకుడు, కొడుకు విజయరాఘవుడు తెలుగులో రాశారంటే సరే, అది వాళ్ళ భాష. వాళ్ళ తర్వాత వచ్చిన మరాఠా రాజు శహాజీ (1684–1712) కూడా తెలుగులో యక్షగానాలు రాశాడు. రాయమని ఆయన్ని ఎవరు బలవంతపెట్టారు? ఎవరూ లేదు. ఆ ఊళ్ళో పండితుడనిపించుకోవాలంటే తెలుగు కావాల్సి ఉండింది, అంతే. తిరువయ్యారులో త్యాగరాజు (1767–1847) కృతులు కట్టిన తర్వాత, ఇంట్లో తమిళం మాట్లాడే విద్వాంసులు కూడా తెలుగులో పాడడం, కట్టడం మామూలైపోయింది. అర్థం తెలియకుండానే పాడినోళ్ళు ఎంతమందో. అదీ ఒత్తిడే. మనకు తీపిగా ఉండింది కాబట్టి ఆ పేరుతో పిలవం.

తర్వాత గాలి తిరిగింది. 1941లో అన్నామలై విశ్వవిద్యాలయంలో తమిళ ఇసై మహాసభ, 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘం. తమ ఊళ్ళో తమ భాషలో పాట వినాలనుకోవడం న్యాయమే గదా, దాంట్లో తప్పు పట్టేదేమీ లేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. దాంతో తెలుగుకు ఒక చిరునామా వచ్చింది. ఆ చిరునామాలో మనం లేము.

అందరూ 2006 చట్టం గురించి మాట్లాడతారు. ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి చేసిన చట్టం అది. హోసూరు వైపు తెలుగు బడులున్న చోట దాని దెబ్బ పెద్దదే. కానీ మా కరిసల్ నేలలో చట్టానికి పని మిగల్లేదు. బస్సులో అమ్మతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించడం, బడి గేటు కనపడగానే అవ్వతో తమిళంలోకి మారడం, ఇవన్నీ అంతకు ముందే అలవాటయ్యాయి. ‘గొల్టి’ అనే మాట ఒకటుంది. ‘తెలుగు’ను తిరగేస్తే పుట్టిందంటారు. పిల్లోణ్ణి ఒక్కసారి అట్లా పిలిచి నలుగురు నవ్వితే చాలు.

ఇది అందరూ చెప్పేదే. ఎవరూ చెప్పనిది రెండో పక్క. మా మామ ఒకరు పనిమీద హైదరాబాదు పోయి, “అంగడి యాడుంది?” అని ఒకాయన్ని అడిగాడు. ఆయన హిందీలో జవాబు చెప్పాడు. మామ మళ్ళీ తెలుగులోనే అడిగాడు, మళ్ళీ హిందీనే. ఇంటికొచ్చి, “మనది తెలుగు కాదురా, ఏదో కలగూరగంప” అన్నాడు. తమిళులు నవ్వితే గొంతు తగ్గింది. తెలుగువాళ్ళు ‘అరవ తెలుగు’ అన్నప్పుడు మాత్రం నమ్మకమే పోయింది. నా లెక్కలో రెండోదే లోతైన గాయం.

పోనీ, ఆ నవ్విన మాటలు చూద్దామా? ‘అంగడి’ పాత తెలుగు మాట. తమిళ, కన్నడాల్లోనూ ఉంది, అందుకని అది అరవం అయిపోదు. అదే ‘దుకాణం’ అరబ్బీ నుంచి పారసీ మీదుగా వచ్చింది, దాన్ని ఎవరూ వెక్కిరించరు. హోసూరు, కృష్ణగిరి వైపు గేదెను ‘ఎనుము’ అంటారు. అరవం అనుకుంటారు వినేవాళ్ళు. తమిళంలో అది ఎరుమై. ఎనుము అచ్చంగా మనదే. ‘ఉర్లగడ్డ’ తమిళం నుంచే వచ్చింది, ఒప్పుకుంటా. మరి ‘ఆలుగడ్డ’లో ఆలు ఎక్కణ్ణుంచి వచ్చింది?

వాడుక భాష కోసం కొట్లాడిన గిడుగు రామమూర్తి జీవితం ఎక్కువ భాగం గడిచింది పర్లాకిమిడిలో. 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిస్తే వదిలి వచ్చేశాడు. ఆయన గెలిచాడు. కానీ గెలిచిన వాడుక కృష్ణా, గుంటూరు, గోదావరుల చదువుకున్నోళ్ళ వాడుకగా నిలబడింది. పర్లాకిమిడి వాడుక పుస్తకాలకు ఎక్కలేదు, మనదీ ఎక్కలేదు.

2011 లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్ళు సుమారు 42 లక్షలు. అంతమందిలో చదవను, రాయను వచ్చినోళ్ళు ఎందరో మీకే తెలుసు. మా కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్, మనోళ్ళ వలస కథను ‘గోపల్ల గ్రామం’గా తమిళంలోనే రాశారు. కరిసల్ పల్లె మాటలకు నిఘంటువు కూడా చేశారు, అదీ తమిళ మాటలకు. మొరటు అని చదువుకున్నోళ్ళు తోసేసిన పల్లె తమిళానికి ఆయన వల్ల గౌరవం దొరికింది. అదే పని మన ఇంటి తెలుగుకు ఇంకా మిగిలుంది.

నేను అమ్మ నోటి మాటలు నోటుబుక్కులో ఎక్కిస్తున్నా. తెలుగు అక్షరాలు నేను పెద్దయినాక నేర్చుకున్నవి, అమ్మకు రావు. ఆమె చదివి సరిచెయ్యాల గదా, అందుకని తమిళ అక్షరాల్లోనే రాస్తా. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. ‘గాలి’ అని రాస్తే ‘కాలి’ అని కూడా చదవొచ్చు. అమ్మ మాత్రం ఒక్కసారి కూడా తడబడకుండా చదువుతుంది.