పడవ కోసం కూడా తవ్విన కాలువ

కర్నూలు ఊళ్ళో కె.సి. కెనాలు హంద్రీని అక్విడక్టు మీదుగా దాటుతుంది. కింద ఏరు, పైన కాలువ. ఇదంతా సాగునీటి కోసమేనని మనం అనుకుంటాం. కానీ దీన్ని గీసినవాళ్ళ లెక్కలో పైరుతో పాటు పడవ కూడా ఉంది.

ఆర్థర్ కాటన్ వాదన తెలిసిందే: రైలు కన్నా నీటిదారి చవక, పైగా అదే నీళ్ళు పొలాన్నీ తడుపుతాయి. ఆ నమ్మకం మీదే 1858లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ లండన్‌లో పుట్టింది. పది లక్షల పౌండ్ల పెట్టుబడికి 5 శాతం వడ్డీ వస్తుందని ప్రభుత్వం హామీ ఇచ్చింది. తుంగభద్ర నీళ్ళు నెల్లూరు తీరం దాకా పోవాలన్నది పెద్ద కల. చివరికి మిగిలింది సుంకేసుల ఆనకట్ట నుంచి కడప దాకా, సుమారు 190 మైళ్ళు.

పడవ నడవాలంటే కాలువ తీరే మారిపోతుంది. వాలు తక్కువ ఉండాలి, దిగే చోటల్లా లాకులు కట్టాలి, వంతెనలు ఎత్తుగా లేపాలి. అన్నిటికన్నా, లోతు ఎప్పుడూ తగ్గకూడదు. రైతుకేమో ఆ నీళ్ళు పొలంలోకి మళ్ళాలి. ఎండాకాలంలో తుంగభద్రే సన్నబడే సీమలో ఈ రెండు అవసరాలూ ఎలా పొసుగుతాయి?

ఇక ఇంజను సంగతి. ఇంగ్లండులో ఇరుకు లాకుల వెడల్పు 7 అడుగులు. పడవ అందులో పట్టాలి. ఆవిరి యంత్రం పెడితే బాయిలరు, బొగ్గు, దాన్ని చూసుకునే మనుషులు కలిసి సరుకు చోటు మింగేసేవి. ఆ నష్టం పూడ్చుకోడానికి వెనక ఇంకో పడవ తగిలించి లాగేవాళ్ళు. అందుకే అక్కడ కూడా గుర్రాలు చాలాకాలం నిలిచాయి. 20వ శతాబ్దం మొదట్లో బోలిండర్ లాంటి చమురు ఇంజన్లు వచ్చాకే ఇంజను గది చిన్నదైంది. పైగా ఇంజను పడవకి లోతు కావాలి. దాని అలలు మట్టిగట్లని కోస్తాయి. మన డెల్టా కాలువల్లో గట్టు మీంచి మనుషులే తాడు పట్టి పడవల్ని లాగేవాళ్ళు. కె.సి. కెనాలు పూర్తయ్యే నాటికి, 1871లో, కడప మీదుగా మద్రాసు–రాయచూరు రైలు దారి తయారైపోయింది. ఇంజనుకి పడవలో కుదరని చోటు పట్టాల మీద కుదిరింది.

పడవ కోసం పెట్టిన ఖర్చు మాత్రం కాలువ లెక్కలోనే ఉండిపోయింది. దాన్ని రాబట్టాల్సింది నీటి తీరువా నుంచి. రైతు ముందుకు రాలేదు. అధికారులకి అది మొండితనంగా కనిపించింది గానీ, అందులో లెక్క ఉంది. నల్లరేగడి మామూలు వానకే జొన్న, పత్తి పండిస్తుంది. వాన పడ్డ ఏడు కాలువ నీళ్ళకి డబ్బెందుకు కట్టాలి? 1876లో ధాత కరువు వచ్చినప్పుడు అదే రైతు కాలువ దగ్గరికి వచ్చాడు. వానలు తిరిగొచ్చాక మళ్ళీ తగ్గాడు. 1882లో ప్రభుత్వమే కాలువ కొనేసింది. హామీ వడ్డీ భారం మాత్రం ఈ దేశపు ఖజానా మీదే పడింది.

ఆ తర్వాత బచావత్ ట్రిబ్యునల్ ఈ కాలువకి 39.9 టి.ఎం.సి.లు రాసిచ్చింది. అందులో పడవ వాటా లేదు. చివరి ఆయకట్టు రైతు అడిగేదొక్కటే: నీళ్ళు ఇక్కడిదాకా వస్తాయా? లండన్‌లో వాటాలు కొన్నవాళ్ళ లాభం లెక్కలో కాక, ఆ ప్రశ్నతో మొదలుపెట్టి గీసి ఉంటే ఈ కాలువ ఇంకోలా ఉండేది.