వనజీవి రామయ్య

చెట్టు నాటుట పుణ్యమని మన పెద్దలు చెప్పిరి. నాటిన చెట్టునకు మూడు వేసవులు నీరు పోయువా రెవరన్న ప్రశ్నకు మాత్రము బదులు దొరకుట కష్టము. కమలాపురము వంటి మెట్టసీమలో నివసించు మనకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. పాపాఘ్ని పెన్నలో కలియు చోటికి చేరువనే మన ముంటిమి. అయినను ఏడాదిలో చాలకాలము ఆ నదులలో కనబడునది ఇసుకయే. వానకాలమున ఉత్సాహముతో నాటిన మొక్క ఫాల్గుణము నాటికి ఎండుపుల్లయై నిలుచుట మనమందరము చూచినదే. అందుచేత, తన జీవితమును ఈ పనికే ధారపోసి 2025 ఏప్రిల్ 12వ తేదీన కన్నుమూసిన వనజీవి రామయ్యగారిని స్మరించుట మనకు ఉచితము.

ఈ ధర్మమునకు మన సీమలో ప్రాచీనమైన సాక్ష్యము కలదు. కర్నూలు జిల్లాలో, గుత్తి నుండి పత్తికొండకు పోవు త్రోవలోని ఎర్రగుడి బండలపై అశోకుని శాసనములు చెక్కబడియున్నవి. అవి క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమునాటివి. మనుష్యులకును పశువులకును వైద్యము ఏర్పరచితిననియు, ఓషధులు లేనిచోట్లకు వానిని తెప్పించి నాటించితిననియు, బాటల వెంట బావులు త్రవ్వించి చెట్లు నాటించితిననియు ఆ చక్రవర్తి రెండవ శిలాశాసనమున చెప్పుకొనెను. చెట్టును బావిని జంటగా పేర్కొనుట గమనింపదగినది. నీటి ఆలోచన లేనిదే చెట్టు ఆలోచన లేదని ఆనాడే తెలిసియుండెను.

స్వతంత్ర భారతమున ఆ రాజధర్మము ప్రజాధర్మము కావలెనని 1950వ సంవత్సరమున నాటి కేంద్ర వ్యవసాయ, ఆహారశాఖామంత్రి కె. ఎం. మున్షీ వనమహోత్సవమును ప్రారంభించిరి. ఉత్సవ మొక వారముతో ముగియును. మొక్కకు కావలసిన సంరక్షణము ఆ తరువాతనే మొదలగును. రామయ్యగారి జీవితము ఆ మిగిలిన దినముల చరిత్ర.

దరిపల్లి రామయ్యగారు 1937లో జన్మించిరి. వారి గ్రామము ఖమ్మము చెంతనున్న రెడ్డిపల్లి. చిన్ననాడు తల్లి మరుసటి పంటకై కూరగాయల విత్తనములు దాచుట చూచి తనకు ఈ బుద్ధి పుట్టినదని వారు చెప్పుచుండెడివారు. జేబులలో గింజలు, సైకిలుపై మొక్కలు, మెడలో ఒక పలక: ఇదియే వారి వేషము. చెట్టును మనము కాపాడినచో చెట్టు మనలను కాపాడునని ఆ పలకపై వ్రాసియుండెను. కాలువ గట్లు, బాటల ప్రక్కలు, బంజరు చెలకలు, బడి ఆవరణలు వారికి పొలములైనవి. కోటికి మించిన మొక్కలు వారి చేతిమీదుగా నేలకు చేరెనని ప్రసిద్ధి. భారత ప్రభుత్వము 2017లో వారిని పద్మశ్రీతో గౌరవించెను.

ఈ కీర్తిలో సగపాలు వారి యింటిది. భార్య జానమ్మగారు గింజలు ఏరుటలోను, మొక్కలు పెంచుటలోను వారికి తోడుగా నిలిచిరి. విత్తనములకును మొక్కలకును తన భూమినే అమ్ముకొన్న భర్తను విసుగుకొనక, ఆ పనిలో పాలుపంచుకొనుట సామాన్యమైన సంగతి కాదు. మనుమరాండ్రకు సైతము రామయ్యగారు చెట్ల పేర్లే పెట్టుకొనిరి. ఇల్లు వేరు, వనము వేరు అన్న భేదము ఆ కుటుంబమున లేకుండెను. బిడ్డను సాకినట్లు మొక్కను సాకవలెనని మనము మాటవరుసకు అందుము. వారికి అది నిత్యకృత్యము.

వారి మార్గములో ధనముకంటె వేళ యెరుగుట ముఖ్యము. జ్యేష్ఠాషాఢములలో పండి రాలు వేపగింజ కొద్దివారములలోనే మొలకెత్తు శక్తిని పోగొట్టుకొనును. కనుక ఏరిన వెంటనే తొలకరి పదునున దానిని నేలలో వేయవలెను. చింతగింజ నెలల తరబడి నిలువయుండును. వంటింటిలో చింతపండు పిసికిన ప్రతిదినము మనము పారవేయు గింజలలో ఎన్ని తోపులున్నవో లెక్క పెట్టినవారు లేరు. గింజకు వెల లేదు. కావలసినది ఏరు చేయి, వేసవిలో మరచిపోని కడవెడు నీరు.

రహదారులు వెడల్పగుచున్న కొలది తాతలనాటి చింతలు, మర్రులు నేలకూలుచున్నవి. వాని స్థానమున నిలువవలసినవి ఇంకను గింజలలోనే యున్నవి. చక్రవర్తి ఆజ్ఞ బండపై నిలిచినది. రామయ్యగారి మాట కాలువ గట్లపై నీడయై నిలిచినది. ఈ తొలకరికి మన వాకిటి వేపక్రింద రాలిన గింజలను మన బిడ్డలచేత ఏరించి, ఇంటికి రెండు మొక్కలైనను పెంచి, మూడు వేసవులు దాటింపగలిగినచో, ఆ గృహస్థునకు మనము చేయదగిన స్మరణ అదియే యని మేము తలంచుచున్నాము.